యుద్ధాల నడుమ ఉపవాసమా?

ప్రశ్న: అయ్యగారూ, ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై శ్రమదినాలు (లెంటు) మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఒక పూట భోజనం మానేశాను. రాత్రి టీవీ పెడితే బాంబులు పడ్డ ఆసుపత్రులు, శిథిలాల కింద పిల్లలు. అవి చూశాక నా ఉపవాసం నాకే ఎగతాళిగా అనిపిస్తోంది. నేను తినకపోతే ఎక్కడో ఆకలితో ఉన్నవాళ్లకు ఒరిగేదేమిటి? ప్రార్థన కూడా నోట రావడం లేదు. నిరీక్షణతో, అంటే దేవునిమీద ఆశ వదలకుండా, ఉండమని ప్రతి ఆదివారం చెబుతున్నారు. అది ఎక్కడి నుంచి తెచ్చుకోను?
- ఒక ఉపాధ్యాయిని

జవాబు: అమ్మా, మీరు మానేసిన పూట మీ వంటింట్లోనే ఉండిపోతే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. ఆ మాట మొదటే ఒప్పుకుందాం. మీకన్నా చాలా ముందే క్రైస్తవ సంఘం ఈ చిక్కు చూసింది. రెండో శతాబ్దంలో రోములో రాసిన 'హెర్మాసు కాపరి' అనే గ్రంథంలో ఉపవాసానికి ఒక పద్ధతి ఉంది. ఆ రోజు రొట్టె, నీళ్లు మాత్రం పుచ్చుకో. మామూలుగా తినే వాటికి ఎంత ఖర్చయ్యేదో లెక్కగట్టు. ఆ మొత్తం విధవరాలికో, అనాథకో, లేనివాడికో ఇచ్చెయ్యి. అంతే. జాలిపడి కూర్చోమని అందులో లేదు.

బైబిల్లో యెషయా ప్రవక్త గ్రంథం 58వ అధ్యాయం ఈ శ్రమదినాల్లో చాలాసార్లు చదువుతాం గాని, అక్కడ దేవుడు దేనిమీద కోపగించుకున్నాడో గమనించం. మేం ఉపవాసముంటే నువ్వెందుకు చూడవని జనం ఆయన్ని నిలదీస్తారు. ఆ రోజున కూడా మీ పనివాళ్లచేత కఠినమైన పని చేయిస్తున్నారు కదా అని ఆయన తిరిగి అడుగుతాడు. అంటే మన ఉపవాసం మన కింద పనిచేసేవాళ్లకు ఒక్క పిసరైనా తెరిపి ఇవ్వాలన్నమాట. ఆ తర్వాతే ఆకలిగొన్నవానికి ఆహారం పెట్టడం, దిక్కులేనివాళ్లను ఇంట చేర్చుకోవడం వస్తాయి. మీరు మానేసిన పూట ఖర్చు ఏ రోజుది ఆ రోజే తీసి పక్కన పెట్టండి. యుద్ధబాధితులకు నిజంగా చేరవేస్తారని మీకు నమ్మకమున్న చోటికి వారం వారం పంపండి. పోగుచేసి ఈస్టర్ నాడు కానుకగా ఇద్దామని మాత్రం ఆగకండి. అప్పటిదాకా వాళ్లేం తినాలి?

ఇక టీవీ. శ్రమదినాల్లో వార్తలు కట్టిపెట్టండి, మనశ్శాంతి దక్కుతుంది అని చెప్పే బోధకులున్నారు. నాకది నచ్చదు. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడోర్ దేశంలో, రాజధాని శాన్ సాల్వడోర్ ఆర్చిబిషప్ ఆస్కార్ రొమెరో ఆదివారం ప్రసంగాల్లో ఆ వారం జరిగిన హత్యల వివరాలు చదివి వినిపించేవాడు. రేడియోలో దేశమంతా వినేది. 1980 మార్చి 23, శ్రమదినాల్లో ఒక ఆదివారం, ప్రజల మీద ఈ అణచివేత ఆపండని సైనికులను దేవుని పేరట వేడుకున్నాడు, ఆజ్ఞాపించాడు. మర్నాడు సాయంత్రం బలిపీఠం దగ్గరే కాల్చి చంపారు. ఆ పూట చదివిన సువార్త భాగం గోధుమగింజ భూమిలో పడి చావడం గురించి. ఆయన వార్తలను ఆరాధన బయట వదిలి రాలేదు, లోపలికి తెచ్చాడు. మీరు కూడా రోజుకు ఒక్క వార్త, ఒక్క ఊరు తీసుకోండి. ఆ ఊరి పేరు పలికి ప్రార్థించండి. తర్వాత టీవీ కట్టేయండి. అర్ధరాత్రిదాకా చూసినందువల్ల అక్కడ ఎవరికీ మేలు జరగదు, మీ నిద్ర పాడవుతుంది.

ప్రార్థన రావడం లేదన్నారు. సొంత మాటలు రాకపోతే అప్పు తెచ్చుకోండి. 13వ కీర్తనలో దావీదు ఎన్నాళ్లు, ఎంతవరకు అని దేవుణ్ణి వరసపెట్టి అడుగుతాడు. 88వ కీర్తన ఇంకా కఠినం. తక్కిన విలాప కీర్తనలు చాలావరకు చివరికొచ్చేసరికి ఎక్కడో స్తోత్రంలోకి మళ్లుతాయి. ఇది మళ్లదు, చీకటి దగ్గరే ముగుస్తుంది. నేను చాలాకాలం ఆసుపత్రుల్లో రోగులను దర్శించే పరిచర్య చేశాను. ఇంట్లోవాళ్లు ఏదైనా ఆదరణ వాక్యం చదవమని అడిగేవాళ్లు. మంచం మీద ఉన్నవాళ్లలో కొందరు మాత్రం 88 విన్నాక మొదటిసారి నావైపు తిరిగి మాట్లాడేవాళ్లు.

నిరీక్షణ సంగతి. ఇది మనసు తేలికపడటం అని మనమంతా అనుకుంటాం. ఏలీయా ప్రవక్తను చూడండి. బదరీవృక్షం కింద కూలబడి నా ప్రాణం తీసుకో అన్నాడు. దూత వచ్చి బోధ చెయ్యలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు పెట్టి, లేచి తినమన్నాడు. ఆయన తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి తినిపించాకే హోరేబు కొండకు నలభై రాత్రింబగళ్లు నడిచాడు. మన నలభై రోజుల వెనక మోషే, యేసు నలభై రోజుల ఉపవాసాలతోపాటు ఆ నడక కూడా ఉంది. హోరేబులో దేవుడు మెల్లని స్వరంతో మాట్లాడకముందు ఏలీయా ఏమని మొరపెట్టాడో, మాట్లాడాక కూడా అక్షరం పొల్లు పోకుండా అదే మొరపెట్టాడు: నేనొక్కడినే మిగిలాను, నన్నూ చంపజూస్తున్నారు. ఆయన మనసు తేలికపడినట్టు అక్కడ రాయలేదు. దేవుడు పని అప్పగించాడు: వెళ్లి హజాయేలును, యెహూను రాజులుగా, ఎలీషాను ప్రవక్తగా అభిషేకించు. ఇంకా, బయలు అనే అన్యదేవతకు మోకరించని 7,000 మంది ఉన్నారని చెప్పాడు. చెయ్యాల్సిన పని, తాను ఒంటరి కానన్న కబురు. ఏలీయా ఆ రెంటితోనే లేచి వెళ్లాడు. మీకు పని ఉంది. మీలా టీవీ ముందు కుమిలిపోతున్నవాళ్లు మీ సంఘంలోనే మరొకరుంటారు, వెతకండి.

ప్రశ్న: షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. వయసు అరవై దాటింది. ఉపవాసం ఉండడం లేదని తోటి విశ్వాసి నా విశ్వాసాన్నే తక్కువ చేసి మాట్లాడారు. మందు మానేసి ప్రయత్నించనా?

జవాబు: వద్దు. డాక్టరును అడక్కుండా మందు జోలికి, భోజనం వేళల జోలికి పోవద్దు. ఉపవాసాన్ని చట్టంగా రాసుకున్న కథోలిక సంఘమే ఆ బాధ్యతను 18 నుంచి 59 ఏళ్లవాళ్లకు పెట్టింది. అదీ భస్మ బుధవారం, గుడ్ ఫ్రైడే, ఈ రెండు రోజులకే. రోగులకు అక్కర్లేదు. కథోలికులం కాని మనకైతే ఆ చట్టం కూడా లేదు, మరి మీ తోటి విశ్వాసి ఎక్కడ చదివారో!

మీకు వేరే నియమం చెబుతాను. ఆరో శతాబ్దంలో బెనెడిక్టు అనే సన్యాసి తన మఠానికి రాసిన నియమావళిలో, శ్రమదినాల మొదట్లో ఒక్కొక్కరికి ఒక్కో పుస్తకం ఇవ్వాలని, దాన్ని వరసగా మొదటినుంచి చివరిదాకా చదవాలని పెట్టాడు. చదివే వేళలో ఎవరైనా కబుర్లాడుతున్నారేమో చూడడానికి ఒకరిద్దరు పెద్దలు తిరగాలట! సన్యాసులైనా మనుషులే. మీరు మార్కు సువార్త తీసుకోండి, 16 అధ్యాయాలు. వాగ్దాన వచనాలు ఏరుకోకుండా వరసగా చదవండి. కష్టమైన చోట ఆగి మళ్లీ చదవండి.

ప్రశ్న: ఈస్టర్‌దాకా ఇన్‌స్టాగ్రామ్ మానేస్తానని స్టేటస్ పెట్టాను. వారం తిరక్కుండానే తెరిచాను. ఇక వదిలేయనా, మళ్లీ మొదలుపెట్టనా?
- డిగ్రీ విద్యార్థి

జవాబు: తమ్ముడూ, మళ్లీ మొదలుపెట్టు, ఈసారి స్టేటస్ లేకుండా. ఉపవాసమున్నప్పుడు తల అంటుకొని ముఖం కడుక్కోమన్నాడు ప్రభువు, ఎవరికీ తెలియకూడదని. ఎవరికీ చెప్పకపోతే నిలబడలేనంటావా? బెనెడిక్టు ఆ ఇబ్బందికీ దారి చూపాడు: అదనంగా ఏం చేయదలచినా మఠాధిపతికి చెప్పి, ఆయన ఒప్పుకుంటే చెయ్యాలి. నువ్వు నమ్మే పెద్దవాళ్లు ఒకరికి చెప్పు. ఫోన్ తెరిచే వేళకు ఏం చేస్తావో కూడా ముందే అనుకో. ఖాళీగా కూర్చుంటే చెయ్యి దానిమీదికే పోతుంది.

ప్రశ్న: ఆదివారాలు కూడా ఉపవాసం ఉండాలా?

జవాబు: అక్కర్లేదు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారందాకా లెక్కపెడితే 46 రోజులు. ఆరు ఆదివారాలు పునరుత్థాన దినాలు గనక తీసేస్తే నలభై. ఆదివారం తినండి. ఒంటరిగా ఉన్నవాళ్లనెవరినైనా పిలిచి మీతోపాటు కూర్చోబెట్టుకోండి.