ఈ మాత్రలతో ఆ ఆలోచనలు పెరుగుతాయా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా ఉరవకొండ దగ్గర పల్లె. మా ఆయనకు 38 ఏళ్లు. శెనక్కాయ పంట పోయినప్పటి నుంచి మనిషి మనిషిలా లేడు. అన్నం సహించదు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటాడు. డాక్టరు డిప్రెషన్ అని చెప్పి ఎస్సిటాలోప్రామ్ రాశారు. పది రోజులైనా గుణం లేదు. ఈ మాత్రలతో చచ్చిపోవాలన్న ఆలోచన ఎక్కువవుతుందని మా మరిది ఫోన్‌లో చదివాడు. మొన్న ఈయన ‘నేను లేకుంటేనే మీకు బాగుంటుంది’ అన్నాడు. మాత్రలు ఆపేయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: సొంతంగా ఆపొద్దమ్మా. అంతకంటే ముఖ్యం, ఆయన నోట వచ్చిన ఆ మాట. ఈరోజే డాక్టరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి.

మీ మరిది చదివింది అబద్ధం కాదు, సగం నిజం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లలు, టీనేజర్ల విషయంలో ఆ హెచ్చరిక ఇచ్చింది. 2007లో 24 ఏళ్ల వయసు దాకా పొడిగించింది. అది దాటినవాళ్లలో ముప్పు పెరిగినట్టు తేలలేదు. అయినా మొదటి వారాల్లో ఎవరినైనా కనిపెట్టుకుని ఉండాల్సిందే. మందు పట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా పనిచేయడానికి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోగా ఒంట్లో ఓపిక ముందు వచ్చి, మనసులో నిరాశ అలాగే ఉండొచ్చు. అందుకే ఆ జాగ్రత్త.

‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం. చాలామందికి అడిగితేనే బరువు దిగుతుంది. ‘మగాడివి, ధైర్యంగా ఉండు’ అనకుండా, చెప్పేది వినండి.

ఇంట్లో పురుగుమందు ఉంటే ఈరోజే వేరేవాళ్ల ఇంటికి చేర్చండి. తాళం వేసి చెవి గూట్లో పెడితే లాభం లేదు. చచ్చిపోవాలన్న ఆ తీవ్రత చాలామందిలో కాసేపే ఉంటుంది, అప్పుడు చేతికి అందకపోవడమే ప్రాణం కాపాడుతుంది. శ్రీలంకలో బాగా విషపూరితమైన పురుగుమందులు నిషేధించాక ఆత్మహత్యలు సగానికి పైగా తగ్గాయి. మాత్రలు కూడా మీ దగ్గరే ఉంచుకుని ఏ పూటకాపూట ఇవ్వండి.

ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయినా, ఊరికే చిర్రుబుర్రులాడినా, అప్పుల లెక్కలు, పాసుపుస్తకాలు పిలిచి అప్పగించినా ఒంటరిగా వదలకండి. 108కి ఫోన్ చేసి అనంతపురం సర్వజన ఆసుపత్రికి తీసుకెళ్లండి. రాత్రి పూటైనా సరే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. దీనికి విరుద్ధంగా నిద్ర లేకుండానే విపరీతమైన హుషారు, ఆగని మాటలు మొదలైతే అది బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు అతి హుషారు వచ్చే జబ్బు) కావచ్చు. అదీ వెంటనే డాక్టరుకు చెప్పాలి. మందు మార్చాల్సి రావచ్చు.

తాయెత్తు కట్టించుకుంటామంటే నాకేం అభ్యంతరం లేదు, మాత్ర మాత్రం మానకూడదు. కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. తాగే అలవాటుంటే దాచకండి. ఈసారి మీరూ ఆయనతో పాటు డాక్టరు గదిలోకి వెళ్లండి. ఒంటరిగా వచ్చే మగవాళ్లలో చాలామంది ‘నిద్ర పట్టట్లేదు సార్’ అని ఒక్క ముక్క చెప్పి లేచిపోతుంటారు.

– సైకియాట్రిస్టు, కర్నూలు