మే నెల సగం దాటనివ్వు

చిట్టితల్లీ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి, "అక్కా, నీ పిచ్చి దీనికీ పట్టుకుంది" అంది. మూడేళ్లు జాబితాలో పేరు పెట్టుకుని కూర్చుంటే ఇప్పటికి అలాట్‌మెంట్, అదే ఇంగ్లండులో కూరగాయలు పెంచుకోవడానికి అద్దెకిచ్చే తోట ముక్క, దొరికిందట. ఫోటో చూశాను. ముళ్లకంప, తలుపు ఊడిన షెడ్డు, వాటి మధ్య రబ్బరు బూట్లతో మన బుజ్జిది! మీ పెద్దనాన్నకు మూడుసార్లు చూపించాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. షెడ్డు పక్కన నీళ్ల తొట్టి ఉంది, దానికి మూత లేదు. మూడేళ్ల పిల్ల మునగడానికి జానెడు నీళ్లు చాలు. మన ఊరి కాలువ దగ్గర ఏం జరిగిందో మీ అమ్మకు తెలుసు, నేను రాయను. ముందు ఆ తొట్టికి మూత వేయించు.

పూర్తి ప్లాటు అంటే ఇంగ్లండు పాత కొలతలో 10 రాడ్లు, మన లెక్కలో ఆరుంబావు సెంట్లు. నీకు సగమే ఇచ్చారని విని హమ్మయ్య అనుకున్నాను. ఉద్యోగమూ పిల్లా ఉన్నదానికి మూడు సెంట్లే ఎక్కువ. ఈ ఏడాది అందులోనూ సగమే తవ్వు, మిగతా దాని మీద అట్టలు పరిచి రాళ్లు పెట్టు. తెల్లటి తాళ్లలాంటి వేళ్లున్న గడ్డిని చేత్తో ఏరాల్సిందే. అల్లుడు సరదాపడి దున్నే యంత్రం అద్దెకు తెస్తానంటే వద్దను, తెగిన వేరు ముక్కకో మొక్క లేస్తుంది. బంగాళాదుంపలను గుడ్ల అట్టల్లో పేర్చి వెలుతురులో మొలకెత్తనిచ్చి, గుడ్ ఫ్రైడే ప్రాంతంలో పాతిపెట్టు. మెంతులు, ధనియాలు ఏప్రిల్‌లో చల్లు. ఇవి ఎవరైనా చెబుతారు.

ఫోటోలో ఎడమ మూల ఎర్ర కాడలు, ముడతల ఆకులు కనిపించాయి. అది రూబార్బ్, కలుపు అనుకుని పీకేవు! ఆకులు విషం, పిల్లను ముట్టనివ్వకు. కాడలు మాత్రం బంగారం. ఉగాదికి పచ్చి మామిడికాయ దొరకని రోజుల్లో మేము పచ్చడిలోకి ఆ కాడే సన్నగా తరిగేవాళ్లం. పప్పులో వేస్తే రెండు నిమిషాల్లో కరిగిపోతుంది, కాబట్టి పప్పు ఉడికాకే వెయ్యి. కాడను కత్తితో కోయకూడదు, మొదట్లో పట్టుకుని మెలిపెట్టి లాగాలి.

ఇక అసలు సంగతి. మీ అన్నయ్యకు అప్పుడు ఎనిమిదేళ్లు. మా అత్తగారు ఆరు నెలల వీసా మీద బర్మింగ్‌హామ్ వచ్చారు. వస్తూ చీర మడతల్లో బీర, సొర, మిరప గింజలు తెచ్చారు. పెరుగు డబ్బాల్లో మట్టి నింపి, వాటిని నాటి, హీటరు పైనున్న కిటికీ గట్టు మీద పెట్టాం. డబ్బాల మీద తారీఖు రాయడం మీ అన్నయ్య పని. బడి నుంచి వచ్చి బూట్లయినా విప్పకుండా ఎన్ని ఆకులు వేశాయో లెక్కపెట్టేవాడు.

ఏప్రిల్ ఆఖరు వారంలో నాలుగు రోజులు ఫెళ్లున ఎండ కాసింది. అత్తగారు వెళ్లేలోగా ఒక్క బీరకాయైనా ఆవిడ చేత కోయించాలని నా తాపత్రయం. పక్క ప్లాటు ముసలాయన "మే నెల సగం దాటనివ్వమ్మా" అన్నాడు. ఓర్వలేక అంటున్నాడనుకున్నాను, చూడు నా బుద్ధి. శనివారం అన్నీ నాటేశాం. రాత్రికి పాత దుప్పటి కప్పమని మీ అన్నయ్యకు చెప్పాను. ఆటలో పడి ఒక మూల వదిలేశాడు. గాలి లేదు, మబ్బు లేదు, చుక్కలు చేతికందేలా ఉన్నాయి. మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేసి, మొక్కలు గడ్డకట్టేంత చల్లబడుతుందని నాకప్పుడు తెలియదు.

తెల్లారి చూస్తే బీర ఆకులు వేడినీళ్లలో ముంచి తీసిన తోటకూరలా ఉన్నాయి. వేలితో పట్టుకుంటే చర్మం జారి నీరు కారింది. మధ్యాహ్నానికి నల్లబడ్డాయి. అందరి ముందూ వాడిని తిట్టాను, చెయ్యి కూడా చేసుకున్నాను. కప్పని మూల మొక్కలతో పాటు దుప్పటి కిందివీ చచ్చిపోయాయి తల్లీ. కళ్లారా చూశాను. అయినా తప్పు నాదని వాడితో అనలేదు.

అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మొక్కలు పోయినందుకనే అనుకున్నాను. ఆ వేసవంతా వాడు తోటకు రాలేదు. పెరుగు డబ్బాలు కడిగి, తారీఖులు చెరిపి, తనే షెడ్డులో బోర్లించాడు.

అందుకే బుజ్జిదానికి గజం నేల విడిగా ఇవ్వు. ముల్లంగి గింజలు వేయించు, చిన్న రకమైతే నెలకే వస్తుంది. దుంప ఎంత ఊరిందో చూడాలని వారానికే పీకేస్తుంది, పీకనివ్వు. నువ్వేమో బీర నారు మే సగం దాకా బయట పెట్టకు. ఆ తర్వాతా బయట కాసేది అంతంత మాత్రమే, ప్లాస్టిక్ గుడారం ఉంటే నయం.

మార్చి చివరి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు కదా, ఆ మర్నాటి సాయంత్రం కోసం నేను చలికాలమంతా కాచుకునేదాన్ని. బడి అయ్యాక ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర తీసుకుని వెళితే ఏడున్నర దాకా వెలుతురు. నువ్వు తవ్వుతుంటే ఎర్ర రొమ్ము రాబిన్ పిట్ట పార పక్కకే వచ్చి వానపాముల కోసం నిలబడుతుంది. బుజ్జిదానికి చూపించు, కానీ పులిహోర వేయనివ్వకు. ఇక్కడ రాజమండ్రిలో అప్పుడే ఫ్యాను కింద కూర్చుని ఇది రాస్తున్నాను. నీ చలి మీద నాకు అసూయగా ఉంది.

తొట్టి మూత ఫోటో ముందు పంపు, మొక్కలవి తర్వాత చూస్తాను.

మీ పెద్దమ్మ