ఆ తప్పు ఎవరిది? ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

స్క్రిప్టు అందింది, దాంతోపాటు నువ్వు రాసిన ఉత్తరమూ అందింది. ముందు ఉత్తరం సంగతి మాట్లాడుకుందాం. మీ స్నేహితులను కూర్చోబెట్టి కథ వినిపిస్తే ఇంటర్వెల్ దాకా కళ్ళప్పగించి విన్నారనీ, సెకండాఫ్ మొదలయ్యాక ఒక్కొక్కరే లాజిక్కులు తీశారనీ, చివరికి నీకు ఒళ్ళు మండి "ఇది సైన్స్ ఫిక్షన్‌రా బాబూ, సైన్స్ పాఠం కాదు" అని కాగితాలు మూసేశావనీ రాశావు. రాత్రుళ్ళు మేలుకుని రాసుకున్నదాన్ని పది నిమిషాల్లో ఉతికి ఆరేస్తే ఎవరికైనా ఉడుకుతుంది. అయినా ఈ విషయంలో నేను నీ పక్షాన నిలబడలేను. వాళ్ళు అడిగిన ప్రశ్నలన్నీ నువ్వే రాసి పంపావు కదా, ఇంకోసారి చూసుకో. వాటిలో ఒక్కటి కూడా సైన్స్ ప్రశ్న లేదు. గతంలోకి మాట పంపే యంత్రం ఎలా పనిచేస్తుందని ఒక్కడూ అడగలేదు. చెల్లెలు చచ్చిపోతే ఆ యంత్రం ఇంట్లో పెట్టుకున్నవాడు దాన్నెందుకు వాడలేదని అడిగారు.

మన ప్రేక్షకుడు కల్పనకు అడ్డం పడే మనిషి కాడు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు 'ఆదిత్య 369'లో కాలయంత్రం ఎక్కించి శ్రీకృష్ణదేవరాయల కొలువుకు తీసుకెళ్తే జనం సంతోషంగా వెళ్ళారు. అందులో ఏ ఇంధనం పోశారని ఎవరికీ పట్టలేదు. ఒక పెద్ద అబద్ధాన్ని నమ్మడానికి సిద్ధపడే మనం టికెట్ కొంటాం. ఆ మొదటి అబద్ధం రచయిత హక్కు. ఆ తర్వాత ఒక్కో చిన్న అబద్ధం చేరేకొద్దీ, మన చెవిలో పువ్వు పెడుతున్నారన్న అనుమానం మొదలవుతుంది.

నీకు రెండు సినిమాలు చెప్తాను, రెండింటికీ దర్శకుడు రిడ్లీ స్కాటే. ఒకటి 2012లో వచ్చిన 'ప్రొమీథియస్', రెండోది 2015లో వచ్చిన 'ది మార్షన్'. రెండోదాని కథ మొత్తం అంగారకుడి మీద వచ్చే ఒక తుఫానుతో మొదలవుతుంది. ఆ గాలికి రాకెట్ ఒరిగిపోతుంటే, పడిపోకముందే బయటపడాలని సిబ్బంది వెళ్ళిపోతారు. దెబ్బ తగిలి పడిపోయిన మార్క్ వాట్నీ చచ్చిపోయాడనుకుని వదిలేస్తారు. అసలు అలాంటి తుఫాను అక్కడ రాదు. అంగారకుడి మీద వాయుపీడనం మన భూమి మీదున్న దాంట్లో నూరో వంతు కూడా ఉండదు. గాలి ఎంత వేగంగా వీచినా మనిషికి పిల్లగాలిలాగే తగులుతుంది, రాకెట్‌ను కదపలేదు. మూల నవల రాసిన ఆండీ వియర్‌కు ఈ సంగతి తెలుసు. తెలిసే రాశానని తర్వాత ఆయనే చెప్పాడు. ఇంజిన్ పరీక్షలో ప్రమాదం జరిగినట్టు ఇంకో ఆరంభం కూడా ఆలోచించాడట. మనిషికీ ప్రకృతికీ పోరు కాబట్టి మొదటి దెబ్బ ప్రకృతే కొట్టాలని తుఫానును ఉంచేశాడు. అంటే కథకు పునాదే తప్పు. అయినా హాల్లో ఎవరూ అలిగి లేచిపోలేదు.

ఇప్పుడు 'ప్రొమీథియస్' చూడు. శూన్యం దాటి, నిద్రపెట్టెల్లో పడుకుని, ఎక్కడో ఒక ఉపగ్రహం మీద దిగుతారు. ఆ ప్రయాణం గురించి ఎవరికీ పేచీ లేదు. అక్కడ ఒక గుహలాంటి కట్టడంలోకి వెళ్తారు. ఫైఫీల్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఎగిరే పరికరాలు వదిలితే అవి గోడలను కొలుచుకుంటూ పోతాయి, ఓడలో కూర్చున్న కెప్టెన్ ముందు ఆ కట్టడం మ్యాపు వెలుగు గీతలతో తయారవుతూ ఉంటుంది. కాసేపటికి చచ్చిపోయి రెండు వేల ఏళ్ళయిన ఒక శవం కనబడుతుంది. ఫైఫీల్డ్, జీవశాస్త్రవేత్త మిల్‌బర్న్ ఇద్దరూ బెదిరిపోయి ఓడకు పోతామంటారు. పోతూ పోతూ దారి తప్పుతారు. గుర్తుందిగా, మ్యాపు తీసింది ఫైఫీల్డే. దాన్ని చూస్తున్నవాడితో రేడియోలో మాట్లాడుకునే వీలూ ఉంది. అయినా తప్పిపోతారు. రాత్రి లోపలే చిక్కుకుపోతారు. పడమర దిక్కున ఏదో ప్రాణి కదిలినట్టుందని కెప్టెన్ చెప్తే, అయితే మేం తూర్పుకు పోతామంటారు. అంత పిరికివాళ్ళన్నమాట. ఆ తర్వాత కాసేపటికే నల్లటి ద్రవంలోంచి పాములాంటిది పడగెత్తి లేస్తే, అదే మిల్‌బర్న్ దాన్ని ముద్దు చేస్తూ చెయ్యి చాపుతాడు. అది ఆ చేతినే చుట్టేస్తుంది.

హాల్లో అసహనం పుట్టింది అక్కడ. శవాన్ని చూసి పారిపోయినవాడు బతికున్న పాముకు చెయ్యి ఎందుకిచ్చాడు? ఆ సీన్లో ఇద్దరు చావాలి కాబట్టి ఇచ్చాడు, అంతకుమించి జవాబు లేదు. చావు రచయితకు కావాలి. అందుకని ఆ మనిషి బుర్రను కాసేపు తీసి పక్కన పెట్టారు. చూసేవాడికి ఇది ఇట్టే దొరికిపోతుంది. అదే సినిమా చివర్లో గుండ్రటి ఓడ దొర్లుకుంటూ మీద పడుతుంటే పక్కకు తప్పుకోకుండా దాని దారిలోనే తిన్నగా పరుగెత్తే మనిషిని చూసి జనం ఇప్పటికీ తల పట్టుకుంటారు. కారణం అదే.

తెలివైనవాడు పొరపాటు చేయకూడదని దీనర్థం కాదు. మళ్ళీ 'ది మార్షన్'కే వద్దాం. బంగాళాదుంపలు పండించడానికి వాట్నీకి నీళ్ళు కావాలి. రాకెట్ ఇంధనం హైడ్రజీన్ నుంచి హైడ్రోజన్ విడగొట్టి, దాన్ని మండించి నీళ్ళు చేస్తాడు. ఒకసారి అది పేలి అవతల పడతాడు. ఏం జరిగిందో తర్వాత తనే చెప్తాడు: తను వదిలే ఊపిరిలో ఉండే ఆక్సిజన్‌ను లెక్కలో వేసుకోవడం మరిచాడు. చూడు, ఎంత చక్కటి తప్పో! ఒంటరిగా, అలసిపోయి, తెలివితో పని చేస్తున్న మనిషి మాత్రమే చేయగల తప్పది. మనకు వాడి మీద కోపం రాదు, ప్రేమ పెరుగుతుంది. పాత్ర తప్పు చేయొచ్చు తమ్ముడూ, ఎన్నయినా చేయొచ్చు. ఆ తప్పు పాత్రది కావాలి. కథ ముందుకు నడవక నువ్వు దాని చేత చేయించింది కాకూడదు. నీ స్క్రిప్టులో ప్రతి మలుపు దగ్గరా ఆగి వేసుకోవాల్సిన ప్రశ్న ఇదొక్కటే: ఈ క్షణాన ఈ మనిషికి తెలిసినవన్నీ తెలిసి, వీడు నిజంగా ఇలాగే చేస్తాడా?

కథ లాజిక్‌లో కన్నం ఎక్కడ పడిందన్నది కూడా చూడాలి. 'గ్రావిటీ' 2013లో వచ్చింది. అందులో వ్యోమగాములు హబుల్ టెలిస్కోపు దగ్గర్నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తేలుకుంటూ వెళ్తారు. నిజానికి ఆ రెండింటి కక్ష్యల ఎత్తులూ వేరు, భూమధ్యరేఖతో చేసే కోణాలూ వేరు. ఒకటి 28.5 డిగ్రీలు, ఇంకొకటి 51.6 డిగ్రీలు. అలా తేలుతూ వెళ్ళడం అయ్యే పని కాదు. ఖగోళశాస్త్రం తెలిసినవాళ్ళు ఎత్తిచూపారు, మిగిలినవాళ్ళు పట్టించుకోలేదు. కానీ వాళ్ళలో ఒకడైన కొవాల్‌స్కీ, తోటి వ్యోమగామి ర్యాన్ స్టోన్ అనే ఆమెతో తనను కలిపిన తాడు విప్పేసుకుని శూన్యంలోకి వెళ్ళిపోయే చోట చాలామంది ఆగిపోయారు. ఇద్దరూ అప్పటికే నిలిచిపోయారు కదా, చిన్నగా లాగితే అతను వెనక్కి రావాలి కదా, మరి ఎందుకు చచ్చిపోయాడు? స్టోన్ కాలికి చిక్కుకున్న పారాచూట్ తాళ్ళు జారుతున్నాయని సమర్థించేవాళ్ళూ ఉన్నారు. ఆ వాదన నాకూ కొంతవరకు సబబే అనిపిస్తుంది. అయినా ప్రేక్షకుడు కన్నీళ్ళు పెట్టుకోవాల్సిన చోట లెక్కలు వేసుకునేలా చేయడం పెద్ద నష్టం. కక్ష్యల తప్పు దారిలో ఎదురైంది. తాడు సందేహం మాత్రం ఒక మనిషి చావు మీదే పడింది. నీ కథలోనూ అంతే. గుండె కోసే చోట ఏ చిన్న అనుమానానికీ సందు ఉండకూడదు.

అలాగని ప్రతి ప్రశ్నకూ ముందే జవాబు చెప్పేస్తూ కూర్చోకు. 'ప్రొమీథియస్'ను ఇంతసేపు తప్పుపట్టాను కాబట్టి, అందులో నాకు బాగా నచ్చినదీ చెప్పాలి. కడుపులో పెరుగుతున్నదాన్ని తీయించుకోవడానికి ఎలిజబెత్ షా ఒక ఆపరేషన్ యంత్రం దగ్గరికి పరుగెడుతుంది. ఆ యంత్రం ఉన్నది ఒక ఆడమనిషి గదిలో. కానీ అది "మగ రోగులకు మాత్రమే" అంటుంది. ఆ క్షణాన రచయిత పప్పులో కాలేశాడనిపిస్తుంది. కాసేపటికి తెలుస్తుంది, చచ్చిపోయాడనుకున్న ముసలి యజమాని వేలాండ్ అదే ఓడలో రహస్యంగా ఉన్నాడని. యంత్రం ఆయన కోసం పెట్టింది. కన్నం అనుకున్నది కాస్తా ఆనవాలు అయింది. ఆ ఒక్క చోట చూపించిన శ్రద్ధ మిల్‌బర్న్ మీద కూడా పెట్టి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ బాధే.

జవాబు చెప్పక తప్పని చోట ఎంత చెప్పాలి? మన పురాణం చెప్పినవాళ్ళకు ఇది బాగా తెలుసు. రేవతి కథ వినే ఉంటావు. కూతురికి తగిన వరుడెవరో అడగడానికి రాజు ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ గంధర్వుల గానం నడుస్తుంటే అయ్యేదాకా ఆగుతాడు. పాట అయ్యాక అడిగితే, ఈలోగా భూమి మీద ఎన్నో చతుర్యుగాలు గడిచిపోయాయనీ, నువ్వు మనసులో అనుకున్న వరుల మునిమనవలు కూడా ఇప్పుడు లేరనీ బ్రహ్మ చెప్పి, బలరాముడికి ఇమ్మంటాడు. అక్కడ కాలం వేరుగా ఎందుకు నడుస్తుందని విన్నవాడెవడూ అడగడు. కానీ పాత యుగాల మనుషులు బాగా పొడగరులని ముందే వినివున్న శ్రోతకు, ఈ జంట పక్కపక్కన నిలబడితే ఎలా ఉంటుందన్న సందేహం రాక మానదు. విష్ణుపురాణం ఆ సందేహాన్ని ఒక్క ముక్కలో తీర్చేసింది: ఆమె ఎత్తు చూసి బలరాముడు తన నాగలి కొనతో వంచాడు, ఆమె ఆ కాలపు స్త్రీలందరి ఎత్తుకే వచ్చింది. దాని కోసం కొత్త వరం తెచ్చిపెట్టలేదు, కొత్త ఋషిని దింపలేదు. నాగలి ఎప్పుడూ ఆయన భుజం మీద ఉండేదే.

ఇక నీ కథ. నీ యంత్రం పది సెకన్ల మాటను సరిగ్గా ఒక రోజు వెనక్కి పంపుతుంది. ఫస్టాఫ్‌లో నీ హీరో దాన్ని క్రికెట్ పందేనికి వాడాడు, స్నేహితుడి పరీక్షకు వాడాడు, ఆఫీసులో మాట పడకుండా తప్పించుకోవడానికీ వాడాడు. చెల్లెలు బస్సు ప్రమాదంలో పోయింది. అప్పుడు మాత్రం యంత్రం సంగతి మరిచిపోయి 34వ సీన్ దాకా ఏడుస్తూ తిరిగాడు. గుర్తొచ్చేసరికి రోజు దాటిపోయింది. "షాక్‌లో ఉన్నాడు కదన్నా" అని రాశావు. నిజ జీవితంలో అలా జరగొచ్చు. కానీ క్రికెట్ పందేనికి పరుగెత్తుకెళ్ళి యంత్రం పట్టుకున్నవాణ్ణి మాకు నువ్వే చూపించావు. వాడి చేయి ముందు దాని మీదకే పోతుంది.

కాబట్టి పోనియ్యి. ఆసుపత్రి నుంచి వాణ్ణి తిన్నగా యంత్రం దగ్గరికి పరుగెత్తించు. ముందురోజున్న తనకే మాట పంపనియ్యి. ఇప్పుడు నీ 12వ సీన్ తియ్యి. అందులో యంత్రంలోంచి గరగరమని అర్థం కాని శబ్దం వస్తుంది, హీరో, వాడి స్నేహితుడు వెక్కిరించి నవ్వుకుంటారు. నువ్వు దాన్ని కేవలం నవ్వు కోసం పెట్టావు. ఆ సీన్‌ను ప్రమాదానికి ముందురోజు సాయంత్రానికి జరుపు. ఆ గరగర వీడి ఏడుపే. గొంతు పూడుకుపోయి మాట పెగల్లేదు, పది సెకన్లు అయిపోయాయి. నిన్న తను విని నవ్వింది దీన్నే అని యంత్రం ముందు నిలబడ్డప్పుడు వాడికి తట్టాలి. నువ్వు డైలాగు రాయొద్దు, మాకూ అదే క్షణంలో తడుతుంది. తప్పు వాడిదే, నిన్న నవ్వినవాడిదీ నేడు ఏడ్చినవాడిదీ. నీది కాదు.

వెంటనే ఇంకోసారి పంపొచ్చుగా అని ఎవడో ఒకడు అడుగుతాడు, అడగాలి కూడా. దానికి ఫస్టాఫ్‌లోనే ఒక కట్టుబాటు పెట్టు: ఒకసారి వాడితే మళ్ళీ 24 గంటలదాకా అది పనిచేయదు. ఈ మాట ల్యాబ్‌లో బోర్డు ముందు నిలబడి ఎవరూ చెప్పనక్కర్లేదు. పందెం గెలిచిన స్నేహితుడు ఇంకోటి పెడదామని వేధిస్తుంటే "రేపటిదాకా ఆగాలిరా" అని హీరో కసిరితే చాలు. లెక్క వేసి చూసుకో. రెండో మాట 24 గంటలు ఆగి పంపితే అది సరిగ్గా మొదటి మాట పంపిన క్షణానికి చేరుతుంది, అప్పటికే ప్రమాదం జరిగిపోయి ఉంటుంది. తలుపు దానంతటదే మూసుకుపోయింది. ఇంకో చిక్కుంది. జరిగినదాన్ని ఈ మాటలు మార్చలేవన్నది నీ కథ నియమమైతే, అన్ని చోట్లా అదే నడవాలి. పందెం మాటను ముందురోజు విన్నవాడు మర్నాడు కూర్చుని దాన్ని పంపడం కూడా చూపించు. ఆఫీసు సీన్లో మాత్రం జరిగిపోయిన గొడవ వెనక్కి వెళ్ళి జరగకుండా పోయినట్టు రాశావు. అది పొసగదు, తీసెయ్యి. బాగా రాసిన సీనే, పోతే బాధే. అయినా పోవాలి.

ఇంకొక్క మాట, నీ స్నేహితుల గురించి. ఆండీ వియర్ ఆ నవలను ముందు తన వెబ్‌సైట్‌లో అధ్యాయాల చొప్పున పెట్టాడు. రసాయనశాస్త్రం తెలిసిన పాఠకులు తప్పులు రాసి పంపితే దిద్దుకుంటూ పోయాడు. నీకు అలాంటివాళ్ళు డబ్బు ఖర్చు లేకుండా ఇంట్లోనే దొరికారు. సెకండాఫ్ తిరగరాశాక మళ్ళీ వాళ్ళనే పిలువు, మొదటి ప్రశ్న వేసినవాణ్ణి ముందు కూర్చోబెట్టు. చదువుతున్నప్పుడు అడ్డొచ్చి అడిగితే జవాబు చెప్పకు, సమర్థించుకోకు. అడిగిన పేజీ నంబరు మాత్రం మార్జిన్లో రాసుకో. అందరూ ఒకే పేజీ దగ్గర అడిగితే అక్కడ పని ఉన్నట్టు. ఒక్కడే అడిగితే రెండు రోజులు ఆలోచించి నిర్ణయించుకో.

12, 34 సీన్లూ, ఆసుపత్రి నుంచి యంత్రం దాకా కొత్తగా రాసే భాగమూ ముందు పంపు. మిగతావి తర్వాత చూద్దాం. క్లైమాక్స్ గురించి నాకు వేరే అభ్యంతరాలున్నాయి కానీ, ఈ మార్పు తర్వాత అది ఎలాగూ ఇప్పుడున్నట్టు ఉండదు.

ఆశీస్సులతో,
మీ అన్న