స్కూట్ ఓవర్ అంటే లేచి వెళ్లిపొమ్మని కాదు

ఇంగ్లిష్‌లో ‘స్కూట్’ అంటే పారిపోవడమేనా, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగారు. నాకు ఈ మాట ఒక బస్టాప్‌లో అర్థమైంది.

2009లో చదువు కోసం అమెరికా వెళ్లాను. కొలంబస్‌లో అదే మొదటి చలికాలం. బెంచీ మధ్యలో కూర్చున్నాను. రెండు చేతుల్లో సరుకుల సంచులతో ఒక పెద్దావిడ వచ్చి “స్కూట్ ఓవర్, హనీ” అంది. నేను బట్టీపట్టిన అర్థం ‘తొందరగా పో’ అనే. నన్ను పొమ్మంటోందనుకుని లేచి మంచులో నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ కంగారుపడి సంచులు కింద పెట్టేసి, ఉన్ని గ్లౌజు తొడుక్కున్న అరచేతిని బెంచీ మీద ఈ చివర నుంచి ఆ చివరకి జరిపి చూపించింది. మా అమ్మమ్మ బస్సెక్కగానే అనే “కాస్త అటు జరుగమ్మా” అన్న మాటే అది!

స్కూట్ ఒక్కటే అయితే తుర్రుమనడం, చెక్కేయడం. ఓవర్ చేరితే జరగడం. ఈ చిన్న తేడా మనకు ఏ బళ్లోనూ చెప్పరు. పర్యాయపదాల జాబితాలు మాత్రం పేజీలకు పేజీలు రాయిస్తారు. పరాయి ఊళ్లో పిల్లలు బాధపడేది ఇలాంటి చోటే.

ఇక పుట్టుక. ఇది 18వ శతాబ్దం నుంచి ఇంగ్లిష్‌లో ఉంది. స్కాండినేవియా భాషల నుంచి వచ్చిందనీ, బాణం వేయడాన్ని చెప్పే ‘షూట్’కి చుట్టమనీ అంటారు. స్కాట్లండ్‌లో నీళ్లు చిమ్మడాన్ని కూడా స్కూట్ అంటారు. బాణమైనా నీటిధారైనా దూసుకుపోయేదే కదా, నాకైతే సందేహమే లేదు.

స్కూటర్ దీని బిడ్డే. మా నాన్న పొద్దున్నే బజాజ్ చేతక్‌ను ఒక పక్కకు వంచి, నిలబెట్టి, కిక్ కొట్టేవారు. ఆ పేరులో పరుగు ఉందని అప్పుడు మాకెవరికీ తెలియదు. ఇప్పుడు మన ఊళ్లలో గేర్లు లేని బండి ఏదైనా స్కూటీయే, అది యాక్టివా అయినా సరే. నిజానికి స్కూటీ టీవీఎస్ వాళ్ల బండి పేరు.

మా విశాఖ నుంచి సింగపూర్‌కి విమానాలు నడిపే సంస్థ పేరు కూడా స్కూటే. ఎయిర్‌పోర్టులో ఆ పసుపు రంగు పేరు కనబడితే చాలు, నాకు ఆ ఉన్ని గ్లౌజు గుర్తొస్తుంది.