అదాలజ్ రాణి నిజంగా బావిలో దూకిందా? అలాంటి బావులు మన గుంటూరు వైపు ఎందుకు కనపడవు?

సంక్రాంతి సెలవుల్లో అహ్మదాబాద్ వెళ్తున్నామంటూ మీరు అడిగినవి రెండు. గుజరాత్‌లోని అదాలజ్ దిగుడు బావి కట్టించిన రాణి అందులోనే దూకి చనిపోయిందన్న కథ నిజమా? అలాంటి బావి విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఏదైనా ఉందా? నాది గుంటూరు, పత్తి బేళ్ళ వ్యాపారం. అహ్మదాబాద్ మిల్లుల వాళ్ళతో లావాదేవీలుంటాయి. పార్టీ ఎప్పుడు పిలుస్తాడా అని లాడ్జీలో కూర్చునే బదులు అదాలజ్ వెళ్ళొస్తుంటాను. అహ్మదాబాద్‌కి ఉత్తరంగా ఇరవై కిలోమీటర్ల లోపే.

ముందు కథ. వాఘేలా వంశపు రాణా వీరసింహుడు జనం నీటి కటకట తీర్చాలని బావి తవ్వించడం మొదలుపెట్టాడు. పని సగంలో ఉండగా గుజరాత్ సుల్తాన్ మహమూద్ బేగడా దండెత్తి వచ్చి ఆయన్ని చంపాడు. రాణి రూడాబాయిని చూసి మనసుపడి పెళ్ళాడతానన్నాడు. బావి పూర్తి చేయించు, ఆ తర్వాత చూద్దాం అందావిడ. అయిదంతస్తులూ పూర్తయ్యాక బావి చుట్టూ ప్రదక్షిణ చేసి దూకేసింది. దీనికో తోక కథ కూడా ఉంది. ఇలాంటిది ఇంకోటి కట్టగలరా అని సుల్తాన్ మేస్త్రీలను అడిగాడట. కట్టగలం అన్నారట పాపం. వెంటనే తలలు తీయించాడట. బావి దగ్గరున్న ఆరు సమాధులు వాళ్ళవేనంటారు.

ఇక రాతి మీద ఏముందో చూడండి. లోపల మొదటి అంతస్తు గూట్లో సంస్కృత శాసనం ఉంది. విక్రమ సంవత్సరం 1555, అంటే క్రీ.శ. 1499. మహమూద్ పాదుషా ఏలుబడిలో, వీరసింహుడి భార్య రూడా ఈ బావి కట్టించిందని, అయిదు లక్షల టంకాలకు (అప్పటి నాణేలు) పైనే ఖర్చయిందని అందులో ఉంది. వంశక్రమం ఉంది, ఖర్చు లెక్క ఉంది. హత్య లేదు, పెళ్ళి మాట లేదు, దూకడం అసలే లేదు. ఆ రోజుల్లో శాసనమంటే ఏలుతున్నవాడి పేరు వేయడం రివాజే కాబట్టి, మహమూద్ పేరు ఉన్నంత మాత్రాన కథ అబద్ధమని కొట్టేయలేం. ఆ గోడల మీద పూల తీగల చెక్కడంలో సుల్తానుల మసీదుల పని, స్తంభాల మీద మజ్జిగ చిలికే ఆడవాళ్ళు, నవగ్రహాల పలక పక్కపక్కనే కనిపిస్తాయి. ఎవరి పనివాళ్ళు ఎవరి దగ్గర పనిచేశారో మరి.

నా మటుకు నేను దూకిన సంగతి నమ్మను. కారణం, ఇదే కథ కొద్ది మార్పులతో దేశమంతా ఉంది. గుజరాత్‌లోనే వఢ్వాణ్‌లో మాధవ బావి ఉంది. నీళ్ళు పడకపోతే కొడుకునీ కోడలినీ బలిచ్చారంటారు. పాటన్‌లోని సహస్రలింగ చెరువులో నీళ్ళు నిలవకుండా జస్మా అనే మట్టిపని ఆవిడ శపించిందంటారు, ఆమె మీద కన్నేసింది అక్కడి రాజు సిద్ధరాజ జయసింహుడట. మన అనంతపురం జిల్లాలో బుక్కరాయసముద్రం ముసలమ్మ కథ తెలిసిందే కదా. చెరువు కట్ట తెగకుండా చిన్న కోడలు ప్రాణమిచ్చింది. ఊరంతటికీ ఆధారమైన నీరు ఎక్కడుంటే అక్కడ ఓ ఆడమనిషి చావు ఉంటుంది. అదీ చాలాసార్లు కోడలే. గంగమ్మకి మామగారు ఎందుకు పనికిరాడో ఏ కథా చెప్పదు.

పాటన్‌లోనే రాణీ కీ వావ్ ఉంది, కొత్త వంద నోటు వెనక ఉన్న బొమ్మ అదే. సోలంకీ రాజు భీమదేవుడు పోయాక ఆయన పేరు నిలవాలని రాణి ఉదయమతి 11వ శతాబ్దంలో కట్టించింది. సరస్వతి నది వరదల మట్టిలో శతాబ్దాలు పూడిపోయి ఉంటే పురావస్తు శాఖ బయటికి తీసింది. 2014లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. నన్నడిగితే శిల్పానికి అదే గొప్పది. కానీ జనం నోట్లో నానేది అదాలజ్ కథే.

మన వైపు ఎందుకు లేవంటారా, అవసరం పడలేదు. గుజరాత్‌లో వాన మూడు నాలుగు నెలల్లో కురిసిపోతుంది, వేసవికి భూగర్భ జలం బాగా కిందికి దిగిపోతుంది. నీళ్ళు ఎంత లోతుకు పోయినా మనిషి వాటి దాకా నడిచి వెళ్ళగలగాలి, అందుకే మెట్లు. మధ్యలో స్తంభాల మండపాలు అందానికే అనుకుంటాం గానీ, పక్క గోడల మీదికి మట్టి తోసుకురాకుండా అడ్డుకునేవి అవే. కృష్ణా డెల్టాలో పైపైనే నీరు తగులుతుంది, గిలక బావి చాలు. పైగా 1855 నాటికే బెజవాడ ఆనకట్ట, కాలవలు వచ్చేశాయి.

మెట్ట ప్రాంతాల్లో సాదా దిగుడు బావులు చాలానే ఉండేవి. మా అమ్మమ్మది కర్నూలు వైపు పల్లె. ఆవిడ పిక్క మీద నారికురుపు (గినీ పురుగు జబ్బు) మచ్చ ఉండేది. కురుపున్నవాళ్ళు బావిలో కాళ్ళు పెడితే పురుగు పిల్లలు నీళ్ళలో పడతాయి, ఆ నీళ్ళు తాగినవాళ్ళకి ఏడాది తిరిగేసరికి కురుపు లేస్తుంది. అందుకే ప్రభుత్వం చాలా దిగుడు బావులను చేదబావులుగా మార్పించింది, కొన్ని మూయించింది. 2000లో మన దేశం నుంచి ఆ జబ్బు పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. రీల్స్‌లో 'ఈ అద్భుతాలను ఎందుకు పాడుబెట్టారు' అని వాపోయేవాళ్ళు ఈ సంగతి ఎత్తరు.

మనకు దగ్గర్లో కథలున్న నీరు కావాలంటే మంగళగిరి పెద్ద కోనేరు చూడండి. అది దిగుడు బావి కాదు, గుడి కోనేరు. కానీ కథలకు లోటు లేదు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807–09లో పదకొండు అంతస్తుల గాలిగోపురం కట్టిస్తే అది ఓ పక్కకు ఒరిగిందట. ఎదురుగా కోనేరు తవ్వమని కంచి స్థపతులు చెప్పారట, తవ్వగానే నిటారుగా నిలబడిందట. గోయి తవ్వితే గోపురం సర్దుకోవడం ఏ లెక్కో మన ఇంజనీర్లనే అడగాలి. ఇంకోటి, డొక్కల కరువు రోజుల్లో, 1832లో, కోనేరు ఎండిపోతే అడుగున 9,840 తుపాకులు, 44 తూటాలు దొరికాయంటారు. 1816లో ఈ వైపు దోచుకున్న పిండారీలు పడేసినవని కొందరి ఊహ. అన్ని తుపాకులకు అంత తక్కువ తూటాలేమిటో!

సంక్రాంతి సెలవుల్లో అహ్మదాబాద్ వెళ్తున్నామన్నారు కాబట్టి ఒక మాట. జనవరి 14న అక్కడ గాలిపటాల పండగ, గదులు దొరకవు, ఆటోలు అడిగినంత ఇవ్వాల్సిందే. ఒకటి రెండు రోజులు ఆగి అదాలజ్‌కి మధ్యాహ్నం పన్నెండు ప్రాంతాల వెళ్ళండి. కింది అంతస్తుల దాకా ఎండ దిగేది ఆ కాసేపే, చెక్కడాలు ఫోటోలకు దొరుకుతాయి.