పీజీఇండెంట్ మీద రాస్తున్న యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం ఆసాంతం చదివాను. పోస్ట్‌గ్రెస్‌ఎస్‌క్యూఎల్ లాంటి పెద్ద డేటాబేస్ కోడ్‌ని పీజీఇండెంట్ అనే ఫార్మాటర్‌తో సాపు చేయడం, అంటే లైన్ల అమరికని ఒకే పద్ధతిలోకి తేవడం అనే విషయం ఎంచుకున్నందుకే ముందు నిన్ను మెచ్చుకోవాలి. తెలుగులో డేటాబేస్‌ల మీద వచ్చేవి దాదాపు అన్నీ క్వెరీలు రాయడం నేర్పేవే. ఆ క్వెరీల్ని నడిపే లక్షల లైన్ల సీ కోడ్‌ని ఎవరు, ఎలా కాపాడుకొస్తున్నారో చెప్పేవాళ్ళు అరుదు. నువ్వు ఈ దారి వదలకూడదని కోరుకుంటున్నాను కాబట్టే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నీ వ్యాసంలో పనిముట్టు ఉంది, దాని ఆప్షన్లు ఉన్నాయి, వాడే పద్ధతి ఉంది. మనుషులు లేరమ్మా. ఒక్క కమిట్‌లో, అంటే కోడ్ చరిత్రలో ఒకేసారి నమోదయ్యే మార్పులో, వందల ఫైళ్ళు మారిపోతే ఆ బరువు ఎవరో ఒకరి మీద పడుతుంది. ఎవరి మీద పడింది, వాళ్ళు ఎలా మోస్తున్నారు అన్నదే నీ వ్యాసానికి ప్రాణం. మిగతాదంతా రీడ్‌మీ ఫైల్‌లో దొరుకుతుంది, దానికి నువ్వక్కర్లేదు.

ముందు నీ మొదటి పేరా సంగతి. ఫార్మాటింగ్ అనేది కోడ్ అందానికి సంబంధించినది అని మొదలుపెట్టావు. ఆ వాక్యం తీసెయ్. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ సరిదిద్దిన "గోటూ ఫెయిల్" తప్పు నీకు తెలిసే ఉంటుంది. ఒక ఇఫ్ షరతు కింద, నేరుగా ముగింపుకి దూకమనే "గోటూ ఫెయిల్" లైన్ రెండుసార్లు పడింది. రెండూ ఒకే లోతులో, రెండూ ఇఫ్‌కి లోపలే ఉన్నట్టు కనిపించాయి. బ్రేసులు లేవు కాబట్టి కంపైలర్ లెక్కలో మొదటిది మాత్రమే ఇఫ్‌కి చెందుతుంది. రెండోది ఏ షరతూ లేకుండా ప్రతిసారీ నడుస్తుంది. దాంతో అవతలి సర్వర్ సంతకాన్ని సరిచూడాల్సిన మెట్టుకి కోడ్ వెళ్ళనే లేదు, ఐఫోన్లలోనూ మ్యాక్‌లలోనూ. అదే ఫైల్ మీద ఫార్మాటర్ నడిపి ఉంటే ఆ రెండో లైన్ ఎడమకు జరిగి ఇఫ్‌తో సమానంగా నిలబడేది, చదివేవాళ్ళ కంట్లో ఇట్టే పడేది. కంటికి కనిపించే ఆకారమూ కంపైలర్ అర్థం చేసుకునే ఆకారమూ ఒకటే అయ్యేలా చూడడం ఫార్మాటర్ చేసే అసలు పని. 2016లో వచ్చిన జీసీసీ 6 అనే కంపైలర్‌లో, తప్పుదారి పట్టించే ఇండెంటేషన్‌ని (లైన్ మొదట్లో వదిలే ఖాళీని) పట్టుకునే హెచ్చరికను చేర్చింది కూడా ఇందుకే. నీ వ్యాసం ఇక్కడ మొదలైతే పాఠకుడు లేచిపోడు.

చరిత్ర క్లుప్తంగా చాలు. పీజీఇండెంట్ ఒక పెర్ల్ స్క్రిప్ట్. లోపల బండచాకిరీ చేసేది పీజీ బీఎస్‌డీ ఇండెంట్ అనే సీ ప్రోగ్రాం. దాని కాపీరైట్ వరసల్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పేరు పక్కన 1976 అని ఉంటుంది. ఇంత పాత సామాను ఇంకా పనిచేస్తోంది. 2023లో దాన్ని పోస్ట్‌గ్రెస్ సోర్స్‌లోకే చేర్చుకున్నారు. అంతకుముందు విడిగా తెచ్చుకుని బిల్డ్ చేసుకోవాల్సి వచ్చేది, కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయేవాళ్ళు.

ఇక నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేసిన సంగతి ఒకటుంది, టైప్‌డెఫ్‌ల జాబితా, అంటే కోడ్‌లో టైపులకి పెట్టుకున్న పేర్ల జాబితా. ఆగాల్సింది అక్కడే. సీ భాషలో ప్లాన్‌స్టేట్ అనే పేరు, ఆ వెంటనే * గుర్తు, ఆ తర్వాత నోడ్ అనే పేరు వరసగా వచ్చాయనుకో. ప్లాన్‌స్టేట్ ఒక టైప్ అయితే అది పాయింటర్ (మెమరీ చిరునామా దాచే వేరియబుల్) డిక్లరేషన్. వేరియబుల్ అయితే గుణకారం. కంపైలర్ హెడర్ ఫైళ్ళన్నీ చదువుకుని వస్తుంది కాబట్టి దానికి అనుమానం ఉండదు. ఇండెంట్ ఆ హెడర్ల జోలికి పోదు, చేతికిచ్చిన ఫైల్‌నే చూస్తుంది. అందుకని టైపుల పేర్లన్నీ ముందే రాసిపెట్టి దానికి అందించాలి. పేరు జాబితాలో ఉంటే * గుర్తు నోడ్‌ని అంటిపెట్టుకుని ఉంటుంది. లేకపోతే గుణకారం అనుకుని ఆ గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదిలేస్తుంది. పాయింటర్ పక్కన అనవసరంగా ఒక స్పేస్ కనిపించిందంటే, ఎవరో కొత్త టైప్ చేర్చి జాబితాలో రాయడం మరిచారని అనుభవమున్న రివ్యూయర్ చెప్పేస్తాడు.

ఆ జాబితా ఎలా తయారవుతుందో కూడా రాయి. బిల్డ్‌ఫార్మ్ అని ఒకటుంది, స్వచ్ఛందంగా ఎవరి యంత్రాలు వాళ్ళు అప్పగించి నడిపిస్తున్న వ్యవస్థ. ఆ యంత్రాలు కోడ్‌ని బిల్డ్ చేసి, డీబగ్ సమాచారంలోంచి టైపుల పేర్లు ఏరి పంపుతాయి. విండోస్‌లో మాత్రమే కంపైల్ అయ్యే టైప్ లైనక్స్ యంత్రానికి కనిపించదు కాబట్టి అన్ని రకాల యంత్రాలు పంపినవీ కలపాలి. కలిపాక కూడా కొన్ని పేర్లు తీసేయాలి, డేట్, ఇంటర్వల్, టైమ్‌స్టాంప్ లాంటివి. ఇవి కోడ్‌లో ఒకచోట టైపుల పేర్లు, ఇంకోచోట మామూలు వేరియబుళ్ళ పేర్లు. డేటాబేస్ రాసేవాళ్ళు ఆ పేర్లు వాడకుండా ఎలా ఉంటారు! ఆటోమేటిక్ అని మనం తేలిగ్గా అనేసే పని వెనక ఇంతమంది చేతులున్నాయని ఈ ఒక్క జాబితా చెబుతుంది. నీ వ్యాసంలో దీనికి నిండు పేజీ ఇచ్చినా నేను అభ్యంతరం చెప్పను.

ఇప్పుడు బరువు మోసేవాళ్ళ దగ్గరికి వద్దాం. మొదట, చేతిలో ప్యాచ్, అంటే ఇంకా సోర్స్‌లో చేరని కోడ్ మార్పు, ఉన్న కుర్రాడు. నెలల తరబడి రివ్యూలో నలుగుతున్న ప్యాచ్ అది. కొత్త వెర్షన్ బీటాకి ముందు కోడ్ మొత్తాన్ని సాపు చేసే కమిట్ పడింది, మర్నాటికి అతని ప్యాచ్ అతకడం మానేసింది. దానికి నమ్మకమైన ఉపాయం ఉంది. సాపు కమిట్‌కి సరిగ్గా ముందున్న చోటికి ప్యాచ్‌ని రీబేస్ చేసుకుని, అంటే ఆ చోటి కోడ్ మీద అతికేలా మార్చుకుని, అక్కడ అదే పీజీఇండెంట్‌ని అదే జాబితాతో నడపాలి. అప్పుడు వచ్చిన కోడ్‌కీ సాపు అయిన కోడ్‌కీ మధ్య మిగిలే తేడాయే అతని కొత్త ప్యాచ్. పనిముట్టు ఎవరు నడిపినా ఒకే ఫలితం ఇస్తుంది కాబట్టే ఇది కుదురుతోంది. వెర్షన్ ఇదే వాడాలని పట్టుపట్టడం చాదస్తంలా కనిపిస్తుంది గానీ, ఆ పట్టుదల లేకపోతే ఈ కుర్రాడికి దారి లేదు.

తర్వాత, పాత వెర్షన్లకి దిద్దుబాట్లు చేర్చే కమిటర్. పోస్ట్‌గ్రెస్ ప్రతి పెద్ద వెర్షన్‌నీ 5 ఏళ్ళు కాపాడుతుంది. ఒక బగ్ దొరికితే కొత్త కోడ్ చేరే మాస్టర్ బ్రాంచ్‌తో పాటు ఆ పాత బ్రాంచీలన్నిటిలోనూ సరిచేయాలి. సాపు చేసింది మాస్టర్‌లోనే అయితే, అర్థంలో ఏ తేడా లేకపోయినా ఆకారంలో తేడా వల్ల దిద్దుబాటు పాత బ్రాంచ్‌లో అతకదు. 2017 జూన్‌లో ఇండెంట్ నియమాలే మార్చినప్పుడు ఈ బాధ పెద్దదైంది. అంతకుముందు, బ్రాకెట్‌లో ఉన్న ఆర్గ్యుమెంట్లు తర్వాతి లైన్‌లోకి దిగినప్పుడు కుడి అంచు దాటేలా ఉంటే ఇండెంట్ ఆ లైన్‌ని ఎడమకు లాగేసేది. లాగాక అది ఏ బ్రాకెట్‌కి చెందుతుందో కంటికి తెలిసేది కాదు. కొత్త నియమం ప్రకారం అంచు దాటినా సరే, లైన్ తన బ్రాకెట్ కిందే ఉంటుంది. ఇది మంచి మార్పు అని నా గట్టి అభిప్రాయం. చదవడం సుఖమైంది. ఆ సుఖానికి మూల్యం చెల్లించింది మాత్రం కొన్నేళ్ళపాటు పాత బ్రాంచీలతో కుస్తీ పట్టినవాళ్ళు. ఈ రెండు మాటలూ పక్కపక్కనే రాయి.

చివరిగా, ఎన్నో ఏళ్ళ తర్వాత వచ్చే పాఠకుడు. ఒక లైన్ దగ్గర ఆగి, ఇది ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని గిట్ బ్లేమ్‌ని, అంటే ప్రతి లైన్‌నీ చివరగా మార్చిన కమిట్ ఏదో చూపే ఆదేశాన్ని, అడుగుతాడు. సాపు చేసిన కమిట్ పేరు వస్తుంది. అతనికి కావాల్సిన కారణం దాని వెనక ఎక్కడో ఉంది. 2019 ఆగస్టులో వచ్చిన గిట్ 2.23లో దీనికి మందు దొరికింది. పక్కన పెట్టాల్సిన కమిట్ల హ్యాష్‌లు, అంటే వాటి గుర్తింపు సంఖ్యలు, ఒక ఫైల్‌లో రాసిపెడితే, బ్లేమ్ వాటిని దాటి అసలు రాసినవాళ్ళ దాకా వెళుతుంది. పోస్ట్‌గ్రెస్ 2021లో అలాంటి ఫైల్‌ని సోర్స్‌లో చేర్చింది. చిన్న ముచ్చట ఒకటి చెప్తాను, వాడుకో. సాపు కమిట్ తన హ్యాష్‌ని తనలోనే రాసుకోలేదు, ఎందుకంటే లోపల ఏం ఉందో దాన్నిబట్టే ఆ హ్యాష్ పుడుతుంది. అందుకే ఆ ఫైల్‌లో పేరు చేర్చడానికి ఎప్పుడూ వెనకాలే ఇంకో కమిట్ రావాలి. చరిత్ర పేజీలో ఆ రెండూ జంటగా కనిపిస్తాయి.

ఈ మందు పనిచేయాలంటే సాపు కమిట్‌లో సాపు తప్ప మరేమీ ఉండకూడదు. ప్రూఫులు దిద్దేవాడు అచ్చుతప్పులతో పాటు కథ ముగింపు కూడా మార్చేస్తే ఆ ప్రూఫుని ఇక ఎవరూ నమ్మరు. స్పేసులు మారిన వెయ్యి లైన్ల మధ్య ఒక్క షరతు మారితే రివ్యూయర్ కన్ను దాన్ని పట్టలేదు, బ్లేమ్ కూడా ఆ కమిట్‌ని దాటేసి పోతుంది. నిన్ను నువ్వు పోస్ట్‌గ్రెస్‌కి ప్యాచ్ పంపేదానిగా ఊహించుకుని ఈ పేరా రాయి. నువ్వు ముట్టుకున్న ఫంక్షన్ పక్కన వంకర ఇండెంటేషన్ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఊరుకోవాలి. అది వేరే ప్యాచ్.

మరి అర్థం మారలేదని రుజువేమిటి? స్పేసులు పట్టించుకోకుండా డిఫ్, అంటే పాత కొత్త కోడ్‌ల మధ్య తేడా, చూడడం ఒక పద్ధతి. సాపుకి ముందూ తర్వాతా కంపైల్ చేసి ఆబ్జెక్ట్ ఫైళ్ళు పోల్చవచ్చని నువ్వు రాశావు. మాట నిజమే గానీ పోస్ట్‌గ్రెస్ దగ్గర ఒక మెలిక ఉంది. ఎర్రర్లు పంపే ఈరిపోర్ట్ తానున్న ఫైల్ పేరునీ లైన్ నంబరునీ కూడా మోసుకెళ్తుంది. పైన ఎక్కడో ఒక కామెంట్ మూడు లైన్ల నుంచి నాలుగు లైన్లకి పెరిగితే, కింద ఉన్న ప్రతి ఈరిపోర్ట్ నంబరూ మారి బైనరీలో తేడా కనిపిస్తుంది. ఇది చేర్చి రాస్తే నీ మాట మీద నమ్మకం పెరుగుతుంది.

నీ నాలుగో భాగంలో ఒక తప్పుంది. పొడవైన లైన్లన్నిటినీ పీజీఇండెంట్ విరగ్గొడుతుందని రాశావు. కోడ్ లైన్లని అది విరగ్గొట్టదు, ఎక్కడ విరవాలో రాసినవాళ్ళకే వదిలేస్తుంది. పొడవైన ఎర్రర్ మెసేజీని 80 కాలమ్‌ల కోసం ముక్కలు చేయొద్దనే ప్రాజెక్టు కూడా చెబుతుంది. అది తిరగరాసేది కామెంట్లని. లోపలికి జరిగి ఉన్న కామెంట్‌ని మామూలు పేరాలా మళ్ళీ పేర్చేస్తుంది. అందులో నువ్వు పట్టికో బొమ్మో గీసి ఉంటే చెల్లాచెదురవుతుంది. దాన్ని కాపాడుకోవాలంటే కామెంట్ మొదట్లో /* వెంటనే వరసగా గీతలు పెట్టాలి. ఏటా ఒక్కసారే నడుపుతారన్న మాట కూడా సవరించు. 2023 నుంచి కమిటర్లు మార్పు పెట్టేముందే నడపడం అలవాటు చేసుకుంటున్నారు, తప్పితే బిల్డ్‌ఫార్మ్‌లో కోయెల్ అనే యంత్రం పట్టుకుంటుంది. బీటా ముందరి సాపు మాత్రం కొనసాగుతోంది.

మళ్ళీ రాసేముందు ఒక పని చెయ్యి. సోర్స్ దించుకుని, టైప్‌డెఫ్‌ల జాబితాలోంచి ప్లాన్‌స్టేట్ పేరు ఒక్కటి తీసేసి, క్వెరీల్ని నడిపే ఎగ్జిక్యూటర్ ఫైళ్ళ మీద పీజీఇండెంట్ నడుపు. డిఫ్ తెరిచి మొదటి స్క్రీన్ నిదానంగా చదువు. ఏయే లైన్లలో గుర్తు దూరం జరిగిందో, ఆ దూరం చూడగానే నీకు ఏమనిపించిందో అప్పటికప్పుడు రాసుకో. టైప్‌డెఫ్ పేజీ ఆ కాగితం మీంచి రాయి. రెండో ప్రతి తయారవగానే పంపు. ఈసారి ముగ్గురు మనుషులూ అందులో ఉండాలి.

నీ మేలు కోరే,
అన్నయ్య