అల్లర్ల మధ్య తాత్కాలిక ప్రభుత్వం నమ్మదగిన ఎన్నికలు జరపగలదా?

బంగ్లాదేశ్‌లో ప్రజలు ఎన్నుకోని ప్రభుత్వం, గొడవలు సద్దుమణగకముందే, 2026 ఫిబ్రవరి 12న ఎన్నికలు జరపబోతోంది కదా, ఆ ఫలితాన్ని అక్కడి జనం నమ్ముతారా అని ఆ పోలింగుకు ముందు మీరు అడిగారు. విశాఖపట్నం జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో ప్రిసైడింగ్ అధికారిగా పలుమార్లు ఎన్నికల విధులు చేసినవాడిని కాబట్టి ఆ అనుభవంతోనే చెబుతున్నాను. నమ్మవచ్చు, అయితే ఓడిపోయే అభ్యర్థుల తరఫున కూర్చునే ఏజెంట్లు పోలింగ్ కేంద్రంలో ఆఖరి కాగితం మీద సంతకం పడేదాకా నిశ్చింతగా కూర్చోగలగాలి.

ఎన్నికైన ప్రభుత్వం లేకుండా ఓటు వేయడం మనకూ కొత్త కాదు. 2013లో సమైక్యాంధ్ర ఉద్యమంలో ఉద్యోగుల సమ్మె రెండు నెలలకు పైగా సాగింది. పక్కనే విజయనగరంలో కర్ఫ్యూ పెట్టారు. 2014 ఫిబ్రవరి 19న ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి రాజీనామా చేశారు. మార్చి 1న రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ మే 7న గాజువాక వైపు ఒక పాఠశాలలో నాకు విధి పడింది. కొద్ది నెలల క్రితం వరకు రోడ్డెక్కి నినాదాలిచ్చిన ఉద్యోగులమే ఆ రోజు ఓటర్ల జాబితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాం, ఎందుకంటే ఆ విధిలో ఉన్నంతకాలం చట్టప్రకారం మేము ఎన్నికల సంఘానికి డిప్యుటేషన్‌పై ఉన్నవాళ్లం, మామీద అజమాయిషీ దానిదే.

యంత్రంలో ముందే ఓట్లు వేసి పంపారన్న పుకారు విని వచ్చిన ఒక ఏజెంటు తెల్లవారుజామునే నాతో వాదనకు దిగాడు. నేను అతనికి మాటలతో నచ్చజెప్పలేదు. అసలు పోలింగుకు ముందు జరిపే నమూనా ఓటింగులో (మాక్ పోల్) తనకు నచ్చిన మీటలు తననే నొక్కమన్నాను, లెక్క చూపించాను, అందరి ముందూ యంత్రాన్ని ఖాళీ చేశాను, ఆకుపచ్చ కాగితపు సీలు మీద అతని చేత సంతకం పెట్టించాను. సాయంత్రం ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసిన ఫారం 17సి నకలు మడిచి జేబులో పెట్టుకుని, మారుమాట లేకుండా వెళ్లాడు. గవర్నరు పాలనా, ముఖ్యమంత్రి పాలనా అన్న ప్రశ్న ఆ గదిలో ఎవరికీ రాలేదు.

బంగ్లాదేశ్‌లో ఈ ఏజెంటు పాత్ర ఇంకా పెద్దది. అక్కడ కాగితపు బ్యాలెట్లు. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి అదే కేంద్రంలో ఓట్లు లెక్కించి ఫలితం రాసి ఇవ్వాలి. మాకైతే పెట్టెలు అప్పగించి ఇల్లు చేరే వీలుంది, లెక్కింపు మరొక రోజు, మరొక చోట, పెద్ద బందోబస్తు మధ్య జరుగుతుంది. ఊరివాళ్లంతా గుమ్మం ముందు నిలబడి ఉండగా ఓడినవారి పేరు పైకి చదవాల్సిన ఆ అధికారి పరిస్థితిని తలచుకుంటే నాకు నిజంగా ఆందోళన కలుగుతుంది. ఈసారి అదే రోజు రాజ్యాంగ సంస్కరణలపై ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉంది కాబట్టి లెక్కించాల్సిన బ్యాలెట్లూ రెండు రకాలు. 2024 ఆగస్టులో అప్పటి ప్రధాని షేక్ హసీనా దేశం విడిచినప్పుడు పోలీసు స్టేషన్లపై దాడులు జరిగి ఆయుధాలు లూటీ అయ్యాయి. షెడ్యూలు ప్రకటించిన మర్నాడే, 2025 డిసెంబరు 12న, యువనేత ఉస్మాన్ హాదీపై కాల్పులు జరిగాయి. ఆయన మరణవార్త వచ్చిన రాత్రి ఢాకాలో రెండు పెద్ద పత్రికల కార్యాలయాలు తగలబెట్టారు.

అలాగని తటస్థ ప్రభుత్వం కింద ఎన్నికలు జరిపిన అనుభవం వారికి లేకపోలేదు. 1996లో రాజ్యాంగ సవరణతో తెచ్చుకున్న ఆపద్ధర్మ ప్రభుత్వ పద్ధతిలోనే 1996 జూన్, 2001, 2008 ఎన్నికలు జరిగాయి. 2007 జనవరిలో అత్యవసర పరిస్థితి నడుమ వచ్చిన ఫఖ్రుద్దీన్ అహ్మద్ ప్రభుత్వం 90 రోజుల గడువు దాటి దాదాపు రెండేళ్లు కూర్చుంది, అది తప్పే. కానీ ఆ వ్యవధిలో, సైన్యం సాయంతో, సుమారు 8 కోట్ల మంది ఫోటోలతో కొత్త ఓటర్ల జాబితా తయారైంది, దానితోనే 2008 డిసెంబరు 29న పోలింగ్ జరిగింది. జాబితా సరిచూడటం ఎంత చాకిరీయో ఇల్లిల్లూ తిరిగిన బూత్ స్థాయి అధికారులకు తెలుసు. ఆ పని చేసిన వారిపై నాకు గౌరవం ఉంది. 2011లో ఆ పద్ధతిని రద్దు చేశాక జరిగిన 2014, 2018, 2024 ఎన్నికలు మూడూ వివాదాస్పదమయ్యాయి. 2025 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని పునరుద్ధరించింది, అయితే అది ఈ ఎన్నికకు వర్తించదు.

నాకున్న పెద్ద అభ్యంతరం ఒకటే. హసీనా పార్టీ అవామీ లీగ్ కార్యకలాపాలను 2025 మేలో నిషేధించారు, పార్టీ నమోదును నిలిపివేశారు. 2024 జులై, ఆగస్టు అణచివేతలో 1,400 మంది దాకా చనిపోయి ఉంటారని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం అంచనా వేసింది; ఆ హత్యలకు బాధ్యులైన వారిని న్యాయస్థానాలు శిక్షించాల్సిందే, అందులో రాజీ ఉండకూడదు. అయినా ఆ పార్టీకి ఎన్నో ఏళ్లుగా ఓటు వేస్తూ వచ్చిన సామాన్యుడి తరఫున ఏ పోలింగ్ కేంద్రంలోనూ ఒక్క ఏజెంటూ లేకపోతే, లెక్క ఎంత నిజాయితీగా జరిగినా, ఆ ఇంట్లో దాన్ని నమ్మించగలిగేవారు ఉండరు. ముహమ్మద్ యూనస్ నేతృత్వంలోని ఈ తాత్కాలిక ప్రభుత్వం నేరస్థులను, ఓటర్లను వేరుచేసి చూసే దారి ఇంకాస్త గట్టిగా వెతికి ఉండాల్సిందని నా అభిప్రాయం.

మిగిలిన పార్టీల మధ్యనైనా ఫలితం నిలుస్తుందా అన్నది తెలియాలంటే, ఆ రోజు ఢాకా సభలను, ఎంత శాతం పోలైందన్న అంకెను పక్కన పెట్టి, మారుమూల కేంద్రాల్లో ఓడిన అభ్యర్థుల ఏజెంట్లకు ఫలితపత్రం నకలు చేతికందిందా, ఆ నకళ్లకు తర్వాత ప్రకటించిన మొత్తాలకు పొంతన కుదిరిందా అన్న వార్తలు చూడండి.